రూల్ రాశాక కూడా పోర్టు తెరుచుకోకపోతే

రూటర్ పేజీలోకి వెళ్లారు. పోర్ట్ ఫార్వర్డింగ్ అన్న చోట రూల్ రాసి, సేవ్ నొక్కారు. ఫోన్‌లో యాప్ తెరిచారు. చక్రం తిరిగీ తిరిగీ చివరికి ‘కనెక్షన్ ఫెయిల్డ్’ అంది. ఇప్పుడేం చేస్తారు?

చాలామంది ఆ రూల్ తీసేసి మళ్లీ అదే రూల్ రాస్తారు. రూటర్ ఆపి వేస్తారు. ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తారు. డీఎంజెడ్ అని ఏదో కనపడితే దాన్నీ ఆన్ చేస్తారు. ఇంకా కుదరకపోతే రాత్రి పదకొండింటికి ఫ్యాక్టరీ రీసెట్ కొడతారు. దాంతో ఉన్న నెట్ కూడా పోతుంది. తెల్లారితే ఇంట్లోవాళ్ల చేత మాటలు, కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్లు!

ఒక్క నిమిషం ఆగండి. రూల్ రాయడానికి పట్టేది రెండు నిమిషాలు. అందులో తప్పు దొర్లితే తిరిగి చదివినప్పుడు దొరికిపోతుంది. దొరకనిదల్లా ఆ పేజీకి అవతలో ఇవతలో ఉన్న తప్పు. బయటి నుంచి వచ్చే పిలుపు మీ కెమెరా దాకానో, మీ పిల్లాడి గేమ్ సర్వర్ దాకానో చేరాలంటే నాలుగైదు మలుపులు దాటాలి. ఏ మలుపులో ఆగిపోయిందో తెలుసుకోకుండా రూల్‌ని ఎన్నిసార్లు దిద్దితే మాత్రం ఏం లాభం?

అందుకే ఈ అధ్యాయంలో సిద్ధాంతాల జోలికి పోను. ఒక్కో మలుపు దగ్గర ఒక్కో పరీక్ష. అవునో కాదో తేలాకే తరవాతి మలుపు. ఓపికగా కూర్చుంటే ఓ ఆదివారం ఉదయం చాలు.

అర్థం కావడానికి ఒక్క పోలిక చెబుతాను. మీ ఇల్లొక అపార్ట్‌మెంట్ అనుకోండి, రూటర్ దాని వాచ్‌మ్యాన్. లోపలివాళ్లు బయటికి వెళ్లి రావడానికి అతను అడ్డు చెప్పడు. బయటినుంచి ఎవరైనా కొత్తగా వస్తే మాత్రం ఏ ఫ్లాటుకి పంపాలో తెలియక తిప్పి పంపేస్తాడు. ‘ఫలానా నంబరు చెప్పినవాళ్లని మూడో అంతస్తులో ఫలానా ఫ్లాటుకి పంపు’ అని మీరు రాసిచ్చిన చీటీయే పోర్ట్ ఫార్వర్డింగ్ రూల్. చీటీ సరిగ్గానే ఉండొచ్చు. కానీ ఆ ఫ్లాటులో మనిషి లేకపోతే? వీధి చివర ఇంకో గేటు, అక్కడింకో వాచ్‌మ్యాన్ ఉంటే? మన వెతుకులాటంతా ఇదే.

ముందు ఓ కాగితం, పెన్ను

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి కాగితమెందుకు అంటారా? నాలుగు కిటికీలు తెరిచాక ఏ నంబరు ఎక్కడ చూశారో మీకే గుర్తుండదు. ఈ అయిదూ రాసుకోండి.

1. బయటినుంచి అందుకోవాల్సిన పరికరం లోపలి చిరునామా. 192.168.1.50 లాంటిది. విండోస్ కంప్యూటరైతే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే వస్తుంది. కెమెరాల బొమ్మల్ని రికార్డు చేసే డీవీఆర్ అయితే దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఉంటుంది.
2. ఆ పరికరం వాడే పోర్టు నంబరు, సమాచారం పంపే పద్ధతి టీసీపీనా, యూడీపీనా.
3. రూటర్ లోపలి చిరునామా. ఐపీకాన్ఫిగ్‌లో ‘డీఫాల్ట్ గేట్‌వే’ పక్కన కనపడేది.
4. రూటర్ స్టేటస్ పేజీలో ‘వాన్ ఐపీ’ పక్కన ఉన్న చిరునామా, అంటే రూటర్ బయటివైపుది.
5. ఇంటి వైఫైలో ఉండి, వీపీఎన్ ఆపి, గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికి, వచ్చిన సైట్లలో ఒకటి తెరిస్తే కనపడే చిరునామా. అక్షరాలు, కోలన్లు కలిసిన పొడవాటిది వస్తే అది ఐపీవీ6. మనకిప్పుడు కావాల్సింది మూడు చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుండే ఐపీవీ4.

ఇంకో నియమం. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చినది రాసి పెట్టండి. మూడు సెట్టింగులు ఒకేసారి మారిస్తే, పని చేసినా దేనివల్ల చేసిందో తెలియదు.

1. లోపల పని చేస్తోందా?

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. అదే ఇంట్లో, అదే వైఫైలో ఉన్న ఇంకో ఫోన్ నుంచో లాప్‌టాప్ నుంచో ఆ పరికరాన్ని దాని లోపలి చిరునామాతో తెరవండి. వెబ్ పేజీ అయితే బ్రౌజర్‌లో చిరునామా, కోలన్, పోర్టు నంబరు కొట్టండి. తెరుచుకోలేదా? అయితే రూటర్‌ని వదిలేయండి. తప్పు ఆ పరికరంలోనే ఉంది.

కంప్యూటర్‌లో ఏదైనా సర్వర్ నడుపుతుంటే ఇంకో చిన్న పరీక్ష ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తుతో ఏ, ఎన్ అక్షరాలు చేర్చి ఎంటర్ నొక్కండి. టీసీపీ వరసల్లో మీ పోర్టు నంబరు పక్కన ‘లిజనింగ్’ అని ఉండాలి. యూడీపీ అయితే ఆ మాట రాదు, పోర్టు నంబరు కనపడితే చాలు. నంబరుకు ముందున్న చిరునామా కూడా చూడండి. 0.0.0.0 ఉంటే ఎవరు పిలిచినా పలుకుతుంది. 127.0.0.1 ఉంటే ఆ కంప్యూటర్ తనతో తాను తప్ప ఎవరితోనూ మాట్లాడదు. ‘నా కంప్యూటర్‌లో తెరుచుకుంటోంది, పక్క గదిలో తెరుచుకోవడం లేదు’ అనేవాళ్ల కథ చాలావరకు ఇదే. సర్వర్ సెట్టింగుల్లో ఆ చిరునామా మారిస్తే సరిపోతుంది.

2. మీ రూటర్‌కు బయటి చిరునామా అసలుందా?

కాగితం మీద నాలుగోది, అయిదోది పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటేనా? ఒకటే అయితే ఈ మెట్టు దాటేశారు. వేరైతే ఇక్కడే ఆగండి. ఈ అధ్యాయం మొత్తంలో ఎక్కువమందిని కాపాడే పరీక్ష ఇది.

ఓ ఇంటి సంగతి చూడండి. తెనాలిలో అమ్మానాన్నలుంటారు. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టించి హైదరాబాద్ నుంచి చూసుకుందామని కొడుకు తాపత్రయం. సాయంత్రం నుంచి ఫోన్‌లో నాన్న చేత రూల్ మీద రూల్ రాయిస్తున్నాడు.

“నాన్నా, స్టేటస్ అన్న దాంట్లోకి వెళ్లు. వాన్ అని ఉంటుంది చూడు.”

“ఉండరా, కళ్లజోడు పెట్టుకోనీ. ఆఁ... 192, చుక్క, 168...”

“అది లోపలిది నాన్నా. ఇంకొంచెం కిందికి రా.”

“ఇదిగో, ఇంటర్నెట్ అని ఉంది. 100, చుక్క, 72, చుక్క...”

“ఇంక చాలు నాన్నా. లేచి అన్నం తిను.”

ఎందుకు చాలన్నాడు? 100.64 నుంచి 100.127 దాకా మొదలయ్యే చిరునామాలు ఇంటర్నెట్‌లో ఎక్కడా పలకవు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీలు తమ లోపల వాడుకోవడానికని 2012లో విడిగా తీసిపెట్టిన వరస అది. మీ రూటర్‌కి అది వచ్చిందంటే, మీతోపాటు ఇంకెంతోమంది చందాదారుల్ని కంపెనీ ఒకే బయటి చిరునామా వెనక కూర్చోబెట్టిందన్నమాట. దీన్ని సీజీనాట్ అంటారు. వాచ్‌మ్యాన్ పోలికలో వీధి చివరి గేటు ఇదే. అక్కడి వాచ్‌మ్యాన్ మీ మాట వినడు. మీ రూటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా పిలుపు మీ గుమ్మం దాకా వస్తేగా!

కంపెనీలు ఎందుకిలా చేస్తాయి? ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపితే 430 కోట్లకు అటూ ఇటూ. ప్రపంచ స్థాయిలో పంచిపెట్టడానికి మిగిలిన చివరి అయిదు పెద్ద కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. ఆలస్యంగా ఫైబర్ పరుచుకున్న చోట ఇంటికో చిరునామా ఇవ్వడానికి కంపెనీ దగ్గర సరుకు లేదు.

వాన్ దగ్గర 10తో మొదలయ్యేది, 172.16 నుంచి 172.31 దాకా ఉండేది, 192.168తో మొదలయ్యేది కనపడినా అది బయటి చిరునామా కాదు. సీజీనాట్ అయినా కావచ్చు, ఇంట్లోనే రెండో రూటర్ అయినా కావచ్చు. అది మూడో మెట్టులో తేలుతుంది.

సీజీనాట్ అని తేలితే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘పోర్ట్ ఫార్వర్డింగ్ పని చెయ్యట్లేదు’ అనకండి. రూటర్ ఆపి వేయమంటారు, అంతే. ‘నా వాన్ ఐపీ 100తో మొదలవుతోంది. నాకు పబ్లిక్ స్టాటిక్ ఐపీ కావాలి. మీ ప్లాన్‌లో ఇస్తారా, ఎంతవుతుంది?’ అని అడగండి. కొన్ని కంపెనీలు అదనపు రుసుముకి ఇస్తాయి, కొన్ని వ్యాపార కనెక్షన్లకే ఇస్తాయి. ఇవ్వమంటే నిరాశపడకండి, అధ్యాయం చివర వేరే దారులున్నాయి.

3. ఇంట్లో రెండు రూటర్లున్నాయా?

ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన తెల్ల డబ్బా హాల్లో ఉంది. వైఫై పడకగది దాకా అందడం లేదని ఇంకో మంచి రూటర్ కొని దానికి తగిలించారు. రూల్ ఆ కొత్త రూటర్‌లో రాశారు. మరి మొదటి డబ్బా సంగతేంటి? అదీ ఓ రూటరే, దానికీ చీటీ రాసివ్వాలి కదా!

తేల్చుకోవడం తేలికే. కమాండ్ ప్రాంప్ట్‌లో ట్రేసర్ట్ 8.8.8.8 అని కొట్టండి. మొదటి వరసలో మీ రూటర్ చిరునామా వస్తుంది. రెండో వరసలో మళ్లీ 192.168తో మొదలయ్యేది వస్తే, చాలావరకు ఇంట్లోనే రెండో గేటు ఉన్నట్టు. 100.64 కోవలోది వస్తే అది కంపెనీ గేటు.

రెండు రూటర్లుంటే దారులు మూడు.

1. కొత్త రూటర్‌ని ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి మార్చండి. అప్పుడది వైఫై మాత్రమే పంచుతుంది. రూల్ ఫైబర్ డబ్బాలో రాయండి. ఎక్కువ ఇళ్లకి ఇదే సుఖం.
2. ఫైబర్ డబ్బాని ‘బ్రిడ్జ్’ మోడ్‌లో పెట్టమని కంపెనీని అడగండి. లాగిన్ పేరు, పాస్‌వర్డ్‌తో నడిచే కనెక్షన్ అయితే అవి కొత్త రూటర్‌లో ఇవ్వాలి. ముందే కనుక్కొని రాసుకోండి, లేకపోతే ఆ పూట నెట్ ఉండదు.
3. ఏదీ కుదరకపోతే రెండింటిలోనూ రూల్ రాయండి. మొదటి డబ్బా నుంచి కొత్త రూటర్‌కి, కొత్త రూటర్ నుంచి పరికరానికి. పని చేస్తుంది కానీ, ఆరు నెలల తరవాత ఏదైనా చెడితే రెండు చోట్లా వెతకాలి.

4. లోపలి చిరునామా కదలకుండా కట్టేశారా?

‘మొన్నటిదాకా బాగానే వచ్చింది సార్, కరెంటు పోయి వచ్చిందగ్గర్నుంచి రావట్లేదు.’ ఈ మాట మీ నోట వచ్చిందా? అయితే అనుమానం రెండింటి మీదే. లోపల పరికరం చిరునామా మారి ఉండాలి, లేదా బయట రూటర్ చిరునామా మారి ఉండాలి.

రూటర్ లోపలి చిరునామాల్ని పరికరాలకు కొంతకాలానికే ఇస్తుంది. కరెంటు పోయి అన్నీ ఒక్కసారి లేచినప్పుడు నిన్న డీవీఆర్‌కి ఉన్న 192.168.1.50 ఇవాళ టీవీకి పోవచ్చు. రూల్ మాత్రం పాత నంబరుకే పంపుతుంటుంది. రూటర్‌లో డీహెచ్‌సీపీ సెట్టింగుల కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ ఉంటుంది. అక్కడ పరికరం మ్యాక్ అడ్రస్‌కి ఓ చిరునామా కేటాయించేయండి. పరికరం ఫోనో, విండోస్ లాప్‌టాపో అయితే దాని వైఫై సెట్టింగుల్లో ‘రాండమ్ మ్యాక్’ లాంటిది ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే రూటర్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు.

బయటి చిరునామా మారుతుంటే స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకోవాలి. అంటే నంబరుకు బదులు ఓ పేరు. చిరునామా మారినప్పుడల్లా ఆ పేరుకి కొత్త నంబరు జతవుతుంది. నో-ఐపీ, డక్ డీఎన్ఎస్ లాంటివి ఈ పని చేస్తాయి. చాలా రూటర్లలో, డీవీఆర్లలో దీనికి ఓ పేజీ ఉంటుంది. ఒక్క మాట, సీజీనాట్‌కి ఇది మందు కాదు. పేరు మార్చినంత మాత్రాన వీధి గేటు తెరుచుకోదు.

5. ఇప్పుడు రూల్ తీసి చదవండి

చూశారా, రూల్ దగ్గరికి రావడానికి ఎన్ని మెట్లు దిగామో! పేజీ పేరు డబ్బాని బట్టి మారుతుంది. ఒకదాంట్లో ‘పోర్ట్ ఫార్వర్డింగ్’, ఒకదాంట్లో ‘వర్చువల్ సర్వర్’, ఇంకోదాంట్లో ‘పోర్ట్ మ్యాపింగ్’. పని ఒకటే. గడి గడికీ వేలు పెట్టి చదవండి.

1. బయటి పోర్టు, లోపలి పోర్టు తారుమారు కాలేదు కదా? లోపలిది పరికరం వాడే నంబరే అయి ఉండాలి. బయటిది మీ ఇష్టం.
2. టీసీపీనా, యూడీపీనా? మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ మామూలుగా టీసీపీ 25565 వాడుతుంది. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ యూడీపీ 19132 వాడుతుంది. జావా కోసం రాసిన రూల్‌ని బెడ్‌రాక్‌కి నంబరు మాత్రం మార్చి వదిలేస్తే పిల్లాడి స్నేహితులెవరూ లోపలికి రాలేరు.
3. అన్ని పోర్టులూ రాశారా? హిక్‌విజన్ డీవీఆర్లలో వెబ్ పేజీకి 80, యాప్‌కి 8000, వీడియోకి 554 అని విడివిడిగా ఉంటాయి. దాహువాలో యాప్ సాధారణంగా 37777 వాడుతుంది. 80 ఒక్కటే తెరిస్తే లాగిన్ పేజీ వస్తుంది, యాప్ మాత్రం పలకదు.
4. ఏ వాన్ కనెక్షన్? ఫైబర్ డబ్బాల్లో ఫోన్‌కి ఒకటి, కంపెనీ పర్యవేక్షణకి ఒకటి, ఇంటర్నెట్‌కి ఒకటి అని రెండు మూడు వాన్‌లు ఉండొచ్చు. రూల్‌లో ‘ఇంటర్నెట్’ అన్న మాట ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఈ ఒక్క గడి తిప్పలు పెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి.
5. ‘సోర్స్ ఐపీ’ గడి ఖాళీగా ఉందా? అందులో ఏదైనా చిరునామా ఉంటే అక్కడినుంచి వచ్చినవాళ్లకే దారి.
6. ‘ఎనేబుల్’ దగ్గర టిక్ ఉందా? ‘అప్లై’ నొక్కారా? పేజీ ఒకసారి మూసి తెరిచి, రూల్ ఉందో లేదో మళ్లీ చూడండి.
7. బయటి పోర్టు 80 గానీ 443 గానీ పెట్టారా? కంపెనీ వాటిని ఆపి ఉండొచ్చు, లేదా రూటర్ సొంత పేజీయే వాటిని వాడుతుండొచ్చు. బయట 8081 లాంటిది పెట్టి లోపల 80కి పంపి చూడండి.

కంపెనీవాళ్లు పాత డబ్బా తీసేసి కొత్తది పెట్టి వెళ్తే ఈ రూల్స్ అన్నీ పోతాయని కూడా గుర్తుంచుకోండి. రూల్స్ పేజీని ఫోటో తీసి దాచుకోండి.

6. పరికరమే తలుపు మూసుకుందా?

రూటర్ సరిగ్గానే పంపింది. మరి లోపల?

విండోస్ అయితే ఫైర్‌వాల్ చూడండి. ఇంటి వైఫై ‘పబ్లిక్ నెట్‌వర్క్’గా నమోదై ఉంటే విండోస్ కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వదు. దాన్ని ‘ప్రైవేట్’కి మార్చి, ‘ఇన్‌బౌండ్ రూల్స్’లో మీ పోర్టుకి అనుమతి రాయండి. విడిగా యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ కూడా చూడండి. కంప్యూటర్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపండి. పిలుపు రూటర్ దారిలో వచ్చి, జవాబు వీపీఎన్ దారిలో బయటికి పోతే రెండూ కలవవు.

డీవీఆర్‌లో గేట్‌వే చూడండి. చిరునామాని చేత్తో రాసినప్పుడు ‘గేట్‌వే’ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. లేదా రూటర్ 192.168.0.1 అయితే పెట్టించినాయన అలవాటుకొద్దీ 192.168.1.1 రాసిపోతాడు. అప్పుడేమవుతుంది? ఇంట్లో ఫోన్లన్నిటికీ బొమ్మ చక్కగా వస్తుంది. బయటినుంచి పిలుపు వచ్చినా, జవాబు ఎటు పంపాలో డీవీఆర్‌కి తెలియదు. రూల్‌లో ఏ తప్పూ కనపడదు, పని మాత్రం జరగదు. కాగితం మీద మూడోదానితో పోల్చి చూడండి. ఒక్క అంకె దిద్దితే సగం రోజు తలనొప్పి తీరుతుంది.

7. బయటినుంచి అంటే నిజంగా బయటినుంచే

ఇంటి వైఫైలో కూర్చుని ఇంటి బయటి చిరునామాని పిలిస్తే కొన్ని రూటర్లు ఆ పిలుపుని వెనక్కి తిప్పి లోపలికి పంపలేవు. ‘నాట్ లూప్‌బ్యాక్’ అనే సౌకర్యం వాటిలో ఉండదు. అప్పుడు పోర్టు తెరిచే ఉన్నా మీకు మూసినట్టే కనపడుతుంది. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి.

ఆన్‌లైన్ పోర్ట్ చెకర్లు కూడా వాడొచ్చు, రెండు షరతులతో. పరీక్ష సమయంలో మీ సర్వర్ నడుస్తూ ఉండాలి. పైగా ఆ చెకర్లలో ఎక్కువభాగం టీసీపీనే చూస్తాయి. యూడీపీ పోర్టుని అవి ‘క్లోజ్డ్’ అన్నాయని కంగారు పడకండి.

వచ్చిన జవాబు మాటను కూడా చదవండి. ‘రెఫ్యూజ్డ్’ వస్తే పిలుపు ఎవరో ఒకరి దాకా చేరింది, వాళ్లు లేరు పొమ్మన్నారు. సర్వర్ ఆగిపోయి ఉండొచ్చు, లోపలి పోర్టు తప్పు కావచ్చు. ‘టైమ్డ్ అవుట్’ వస్తే దారిలో ఎవరో చప్పుడు చేయకుండా మింగేశారు. చాలావరకు సీజీనాట్, రెండో రూటర్, ఫైర్‌వాల్, తప్పు గేట్‌వే, ఈ నాలుగింటిలో ఒకటి.

లక్షణం చూసి మెట్టు పట్టుకోండి

- ఇంట్లోనే తెరుచుకోదు: ఒకటో మెట్టు.
- ఇంట్లో వస్తుంది, బయట టైమ్డ్ అవుట్: రెండు, మూడు, ఆ తరవాత నాలుగు నుంచి ఆరు దాకా.
- బయట రెఫ్యూజ్డ్: ఒకటి, అయిదు.
- నిన్నటిదాకా వచ్చింది, ఇవాళ రాదు: నాలుగు. డబ్బా మార్చి ఉంటే అయిదు.
- లాగిన్ పేజీ వస్తుంది, యాప్‌లో బొమ్మ రాదు: అయిదో మెట్టులో మూడో అంశం.
- మొబైల్ డేటాలో వస్తుంది, ఇంటి వైఫైలో రాదు: ఏడు. నిజానికి మీ పని అయిపోయింది.

తొందరలో చేసే నాలుగు పొరపాట్లు

1. డీఎంజెడ్ ఆన్ చేసి మర్చిపోవడం. డీఎంజెడ్ అంటే మిగతా రూల్స్‌కి చెందని పోర్టులన్నీ ఒకే పరికరానికి తెరిచేయడం. అయిదు నిమిషాల పరీక్షకైతే సరే, వెంటనే ఆపేయండి.
2. పాస్‌వర్డ్ మార్చకుండా కెమెరాని బయటపెట్టడం. 2016లో మిరాయ్ అనే వైరస్ కెమెరాల్ని, డీవీఆర్లని, రూటర్లని వెతికి పట్టుకుంది. ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతలు వరసగా ప్రయత్నించడమే దాని తెలివి. అలా చేజిక్కిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. తలుపు తెరిచాక వచ్చేది మీరొక్కరే అనుకోకండి.
3. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా బయటికి తెరవడం. పాస్‌వర్డ్లు ఊహించే యంత్రాలు ఆ నంబరుని నిత్యం తడుతూనే ఉంటాయి. బయటి నంబరు మార్చినా అది రక్షణ కాదు, కాస్త ఆలస్యం మాత్రమే.
4. యూపీఎన్‌పీ ఆన్ చేసి ఊరుకోవడం. ఇంట్లోని ఏ పరికరమైనా మీకు చెప్పకుండా తనంతట తాను రూల్ రాసుకునే సౌకర్యం అది. గేమ్ బాక్సుకి అక్కర కావచ్చు. ఇంట్లో కొత్త కొత్త చవక పరికరాలుంటే ఆపేయడమే మంచిది.

అసలు పోర్టు తెరవాలా?

ఇన్ని మెట్లు ఎక్కించి దిగించి ఇప్పుడీ ప్రశ్నేమిటంటారా? అడగాల్సిందే. డల్లాస్‌లో ఉన్న కూతురు గుంటూరులో అమ్మ ఇంటి కెమెరా చూడాలనుకుంటే పోర్ట్ ఫార్వర్డింగ్ తప్పనిసరేం కాదు. సీజీనాట్ ఉండి స్టాటిక్ ఐపీ రాకపోతే ఈ దారుల్లో ఒకటి పట్టుకోండి.

1. డీవీఆర్‌లోనే ఉండే పీ2పీ సౌకర్యం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే యాప్‌లో వచ్చేస్తుంది. డీవీఆర్ లోపలినుంచి బయటికి తానే కనెక్షన్ తెరిచి ఉంచుతుంది కాబట్టి ఏ గేటూ అడ్డుపడదు. మీ బొమ్మలు తయారీదారు సర్వర్ల సాయంతో నడుస్తాయని తెలిసే వాడండి.
2. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్. ఇంట్లో ఓ కంప్యూటర్‌లోనో, రాస్ప్‌బెర్రీ పైలోనో వేసి, మీ ఫోన్‌లోనూ వేస్తే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. ఇది పరికరాలకిచ్చే చిరునామాలూ 100తోనే మొదలవుతాయి. వాటిని చూసి సీజీనాట్ అనుకోకండి.
3. బయటి చిరునామా ఉంటే సొంతంగా వైర్‌గార్డ్ వీపీఎన్. అప్పుడు తెరవాల్సింది ఒకే ఒక్క యూడీపీ పోర్టు, సాధారణంగా 51820. కెమెరా, కంప్యూటర్, ఫైల్ సర్వర్ అన్నీ దాని వెనక ఉంటాయి. పది పోర్టులు తెరిచే బదులు ఒక్కటి తెరవడం నయం కదా?
4. ఐపీవీ6. మీ కంపెనీ ఇస్తుంటే ఇంట్లోని ఒక్కో పరికరానికి సొంత బయటి చిరునామా ఉంటుంది. ఫార్వర్డింగ్ బదులు రూటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పరికరానికి, ఆ ఒక్క పోర్టుకి అనుమతి ఇవ్వాలి. చూసేవాళ్ల కనెక్షన్‌లోనూ ఐపీవీ6 ఉండాలి.

ఇవాళ చేయాల్సింది

అన్నీ ఒకే రోజు చేయనక్కర్లేదు. ఇవాళ రెండు పనులే. ఒకటి, ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి పరికరాన్ని దాని లోపలి చిరునామాతో తెరిచి చూడండి. రెండు, వాన్ ఐపీని, ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికితే వచ్చిన ఐపీని పక్కపక్కన రాయండి. ఈ రెండు జవాబులతోనే మీ సమస్య ఇంట్లోదో, కంపెనీదో చాలావరకు తేలిపోతుంది. కంపెనీదైతే రేపు చేయాల్సింది ఓ ఫోన్ కాల్, ఇంట్లోదైతే మూడో మెట్టు నుంచి వరసగా దిగండి. రూల్ పేజీని మాత్రం దాని వంతు వచ్చేదాకా తెరవకండి.